భక్తి ఛానల్ మీద నవ్వుల సినిమా తీస్తే ఎవరిని చూసి నవ్వాలి?

ప్రశ్న: ఎర్రమిర్చి (హనుమకొండ)

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు కామర్స్ చెబుతాను. సెలవు దొరికితే చాలు, నలుగురు మిత్రులం కలిసి లఘుచిత్రాల వెంట పడతాం. ఇంతవరకు తీసినవన్నీ పది నిమిషాలు దాటనివే. చూసినవాళ్లలో సగం మంది మా బంధువులు, మిగతా సగం మా బంధువులు బలవంతంగా కూర్చోబెట్టినవాళ్లు. ఈసారి నలభై నిమిషాల హాస్యచిత్రం తీయాలని అనుకున్నాం. తెల్లవారుజామున టీవీలో అరగంట కొనుక్కుని యంత్రాలూ కవచాలూ అమ్ముకునే ఒక గురువుగారు, ఆయన చుట్టూ నడిచే దుకాణం: ఇదీ విషయం.

ఆలోచన ఎక్కడ పుట్టిందో దాచను. 1988లో వచ్చిన ‘పాస్ ది అమ్మో’ అనే అమెరికా సినిమా చూశాను. డేవిడ్ బేర్డ్ తీశాడు. టీవీలో ప్రార్థనలు చేయించి విరాళాలు గుంజే ప్రచారకుడిగా టిమ్ కరీ, ఆయన భార్యగా ఆనీ పాట్స్ వేశారు. తన కుటుంబానికి దక్కవలసిన సొమ్మును ఆ ప్రచారకుడు మింగేశాడని ఒక అమ్మాయి, ఆమె ప్రియుడు (బిల్ పాక్స్‌టన్, తర్వాత ‘టైటానిక్’లో ఓడ శిథిలాల్లో నిధి వెతికిన మనిషి) కలిసి అతని స్టూడియోకు దొంగతనానికి వెళతారు. దొరికిపోతారు. దారి లేక, ప్రసారం నడుస్తుండగానే అందరినీ బందీలుగా పట్టుకుంటారు. గొప్ప సినిమా అనను. చివరికొచ్చేసరికి హడావిడి ఎక్కువై నవ్వు పలచబడింది. కానీ దొంగా దొరా ఒకే లైట్ల కింద, ఒకే కెమెరా ముందు నిలబడే ఆ ఏర్పాటు నన్ను వదలలేదు.

మా కథలో తుపాకులు లేవు. నర్సంపేట వైపు ఒక ఊళ్లో నాయనమ్మ చపాటా మిర్చి పండిస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో పంట అమ్మిన డబ్బులోంచి కొంత తీసి ధనాకర్షణ యంత్రానికి పంపుతుంది. పార్సిల్ వస్తుంది. విప్పితే అరచేతిలో ఇమిడే రాగిరేకు. ఆ డబ్బు వెనక్కి రాబట్టాలని మనవడు ఇద్దరు స్నేహితులతో హైదరాబాద్ వెళతాడు. గేటు దగ్గర కాపలాదారు వీళ్లను ‘ఆ రోజు అనుభవాలు చెప్పడానికి వచ్చిన భక్తులు’ అనుకుంటాడు. లోపలికి తీసుకుపోయి, ముఖాలకు పౌడరు రాసి, బొట్టు పెట్టి, కెమెరా ముందు కూర్చోబెడతారు. అక్కడినుంచి ఏం జరగాలన్నదే మాకు తేలడం లేదు.

నా సందేహాలు ఇవి. నాయనమ్మను చూసి జనం నవ్వితే నాకు నిద్ర పట్టదు. ఆమె మోసపోయింది కాబట్టి నవ్వు ఆమె మీద పడకుండా ఎలా రాయాలి? మా బృందంలో ఫాతిమానగర్ నుంచి వచ్చే క్రైస్తవ మిత్రుడు ‘మా వైపు స్వస్థత కార్యక్రమాల్లోనూ ఇదే తంతు, అదీ పెట్టు’ అంటాడు. ఇంకొకడు ‘అన్ని మతాలకూ తలా ఐదు నిమిషాలు పంచితే గొడవ ఉండదు’ అంటాడు. రేషన్ దుకాణంలో పంపిణీలా హాస్యం పంచడం నాకు ససేమిరా ఇష్టం లేదు. చివరిది, అసలు లోపల పని ఎలా నడుస్తుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఊహించి రాస్తే తేలిపోతుంది.

జవాబు: పరకాల నుంచి షార్లెట్

నేను పరకాల వాణ్ణి. ఉద్యోగరీత్యా ఉత్తర కరోలినాలోని షార్లెట్‌లో ఉంటున్నాను. మీరు చెప్పిన సినిమా వెనుక ఉన్న కాలం ఇక్కడికి దగ్గరలోనే గడిచింది కనుక రాస్తున్నాను.

ఇక్కడికి దక్షిణంగా, రాష్ట్ర సరిహద్దు దాటగానే ఫోర్ట్ మిల్ అనే ఊరు ఉంది. జిమ్ బేకర్ అనే టీవీ ప్రచారకుడు 1978లో అక్కడ ‘హెరిటేజ్ యూఎస్ఏ’ అని ఒక ప్రార్థనా విహార కేంద్రం తెరిచాడు. హోటలు, దుకాణాలు, నీటి జారుడుబల్లలు, అన్నీ. భార్య టామీ ఫేతో కలిసి నడిపిన కార్యక్రమం పేరు పీటీఎల్. ప్రభువును స్తుతించండి అన్న ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు అవి. ‘ప్రభువును స్తుతించు, తూటాలు అందించు’ అనే అర్థం వచ్చే పాత ఇంగ్లీషు పాట ఒకటుంది. మొదటి సగం బేకర్‌ది అయితే, రెండో సగం ఆ సినిమా పేరు.

మీరు కామర్స్ మనిషి కనుక ఈ లెక్క మీకు నచ్చుతుంది. వెయ్యి డాలర్లు కట్టినవారికి జీవితాంతం ఏటా మూడు రాత్రులు హోటల్లో ఉచిత బస అని బేకర్ టీవీలో ప్రకటించాడు. అలాంటి సభ్యత్వాలు పదుల వేలల్లో అమ్ముడుపోయాయి. కట్టడం పూర్తయిన హోటలు ఒక్కటే, అందులో గదులు 500. ఏడాది పొడవునా ఒక్క గదీ ఒక్క రాత్రీ ఖాళీ లేకుండా నింపినా, మూడేసి రాత్రుల చొప్పున అరవై ఒక్క వేల కుటుంబాలు దాటవు. అదీ డబ్బు కట్టి వచ్చే మామూలు అతిథి ఒక్కడు కూడా లేడనుకుంటేనే. 1987 మార్చిలో ఆయన రాజీనామా చేశాడు. 1989లో మోసం, కుట్ర నేరాలు 24 రుజువై, 45 ఏళ్ల శిక్ష పడింది. అప్పీలు తర్వాత అది బాగా తగ్గి, 1994లో బయటికి వచ్చాడు.

అదే 1987లో ఓరల్ రాబర్ట్స్ అనే మరో ప్రచారకుడు, మార్చిలోగా ఎనభై లక్షల డాలర్లు పోగవకపోతే దేవుడు తనను పైకి పిలిపించుకుంటాడని టీవీలో చెప్పాడు. డబ్బు పోగయింది. ఆఖరున పదమూడు లక్షలు ఇచ్చి ఆదుకున్నది కుక్కల పందేలు నడిపే ఆసామి! బేకర్ సంస్థను తాత్కాలికంగా చేతిలోకి తీసుకున్న జెర్రీ ఫాల్వెల్ అనే ఇంకో ప్రచారకుడు విరాళాలు వచ్చాయని సూటు వేసుకునే నీటి జారుడుబల్ల మీద జారాడు. ఆ ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది.

ఎందుకు చెబుతున్నానంటే, ఈ రంగంలో నిజం ఎప్పుడూ వెటకారం కంటే ఒక అడుగు ముందే ఉంటుంది. గురువుగారి చేత కోతిచేష్టలు చేయించవద్దు. నటుణ్ణి గంభీరంగా ఉంచి, లెక్క మాత్రం చూపించండి.

జవాబు: పాత ఎడిటర్ (కాజీపేట)

తమ్ముడూ, గేటు దగ్గర కుర్రాళ్లను భక్తులనుకుని లోపలికి లాక్కుపోయే ఘట్టం నువ్వు ఊహించి రాశావు కాబోలు. అది జరిగే పనే. హైదరాబాద్‌లో అలాంటి కార్యక్రమాలకు చాలా ఏళ్లు ఎడిటింగ్ చేశాను. ఎవరి దగ్గర అని అడగవద్దు, చెప్పను. ఇప్పుడు కాజీపేటలో పెళ్లి వీడియోలు కత్తిరించుకుంటూ ప్రశాంతంగా ఉన్నాను.

ముందు వ్యాపారం తెలుసుకో. జనం అనుకున్నట్టు ఆ గురువుగారిని ఛానల్ పిలిపించదు. చూసేవాళ్లు తక్కువగా ఉండే వేళల్లో సమయాన్ని అరగంటల చొప్పున అమ్ముతారు. దాన్నే స్లాట్ అంటాం. కొన్నవాడు కార్యక్రమం తానే తయారుచేసి తెచ్చి ఇస్తాడు. మొదట్లో ‘ఇందులోని విషయాలకు ఛానల్ బాధ్యత వహించదు’ అని ఒక పంక్తి వేస్తారు. ఆ అక్షరాలు పెట్టేది నేనే. ‘ఇంకా చిన్నవి చేయి’ అనేవారు. కింద ఫోన్ నంబరు పెట్టేదీ నేనే. ‘ఇంకా పెద్దది చేయి’ అనేవారు. గురువుగారి గడ్డం నంబరు వెనక్కి పోయినా ఎవరూ పట్టించుకోలేదు.

‘లైవ్’ అనే ఎర్ర ముద్ర నా కంప్యూటర్‌లో ఉండే ఒక బొమ్మ, అంతే. నెల కిందట రికార్డు చేసినదానికీ అంటించేవాణ్ణి. ఫోన్ చేసే భక్తులు పక్కగదిలో ఉండేవారు: అకౌంట్లు రాసే అమ్మాయి, డ్రైవరు. డ్రైవరుది జమ్మికుంట. రోజుకొక ఊరి పేరు చెప్పమని ఎన్నిసార్లు చెప్పినా గొంతు సవరించుకుని జమ్మికుంట నుంచే మాట్లాడేవాడు. మా కార్యక్రమం చూసినవాళ్లు జమ్మికుంటలో యంత్రం లేని ఇల్లు లేదని అనుకుని ఉండాలి. అసలు తమాషా ఏమిటంటే, ఫోన్ కలవగానే యాంకరమ్మ ‘అమ్మా, మీ టీవీ శబ్దం కాస్త తగ్గించండి’ అనాలి. పక్కగదిలో టీవీయే లేదు! అయినా ఆ మాట కాగితంలో రాసి ఉండేది. ఆ ఒక్క మాటతో చూసేవాళ్లకు ఇది ప్రత్యక్ష ప్రసారమే అన్న నమ్మకం కుదిరేది. ఆ మాట రాసినవాడికి ఏ నాటక పరిషత్తు అయినా బహుమతి ఇవ్వాల్సిందే.

భక్తులు కళ్లు తుడుచుకునే దృశ్యాలు ఒక ఫోల్డరులో విడిగా దాచుకునేవాళ్లం. కార్తీకమాసంలో శాలువా కప్పుకుని ఏడ్చిన పెద్దాయన రోహిణి కార్తెలోనూ అదే శాలువాతో ఏడ్చాడు. ఒక్క ఉత్తరం కూడా రాలేదు.

ఇక పచ్చగుడ్డ సంగతి. వెనుక హిమాలయాలు కనిపించాలంటే ఆకుపచ్చ గుడ్డ కట్టి తీస్తారు. కంప్యూటర్ ఎక్కడ పచ్చరంగు చూస్తే అక్కడ మంచుకొండలు వేస్తుంది. దానికి భక్తి తెలియదు. ఒకరోజు ఎవరో గురువుగారికి తులసిమాల వేశారు. తెర మీద ఆయన మెడ చుట్టూ కైలాసం వచ్చింది. మారేడు దళాలు చేతిలోకి తీసుకుంటే అరచేతికి కన్నం పడి అందులోంచి మంచు కనిపించింది. సరే, నీలం గుడ్డకు మార్చారు. కృష్ణాష్టమి ప్రత్యేక కార్యక్రమానికి నీలం రంగు పూసుకుని బాలకృష్ణుడి వేషంలో ఒక పిల్లవాడు వచ్చాడు. తెర మీద నెమలిపింఛం, పట్టుపంచె, వెన్నకుండ మాత్రమే నడిచి వచ్చాయి. ఆ ముక్కను పారేయడానికి చేతులు రాలేదు, కానీ చాలాకాలం కింద ఆ హార్డ్ డిస్కు చెడిపోయింది.

గురువుగారు రాక్షసుడేమీ కాదు. వంట బాగా చేసేవాడు, మా అందరికీ పులిహోర తెచ్చేవాడు. మధుమేహాన్ని పోగొట్టే చూర్ణం అమ్మేవాడు, ఆసనం పక్కనే తన షుగర్ మాత్రల డబ్బా ఉండేది. కెమెరా తిప్పే ముందు ‘నేను మాత్ర వేసుకున్నానా?’ అని మమ్మల్నే అడిగేవాడు. నమ్ముతాడా నమ్మడా అని నేను ఆలోచించేవాణ్ణి. మైకు పెట్టగానే నమ్మేవాడనుకుంటాను. మీ నటుడికి నేను చెప్పేది ఇదే: చపాటా మిర్చిలా చేయాలి, చూడటానికి ఎరుపే తప్ప లోపల కారం ఉండకూడదు.

నవ్వు రాని చోటు ఒకటుంది, అదీ చెప్పాలి. డబ్బు అసలు వచ్చేది తెర మీద నుంచి కాదు, ఆ నంబరుకు ఫోన్ చేశాక. అక్కడ కూర్చునే ఆడపిల్లలకు ఏం మాట్లాడాలో రాసిన కాగితాలు ఇస్తారు. మొదటి పేజీలో పేరు, ఊరు, నక్షత్రం, ఇంట్లో కష్టం. ఫోన్ చేసినవాళ్లు ఏడిస్తే రెండో పేజీ తిప్పాలి. రెండో పేజీలో ‘మీ దోషం పెద్దది, చిన్న యంత్రం సరిపోదు’ అని ఉంటుంది. పేజీ పైన ఎర్ర సిరాతో ‘ఏడిస్తే’ అనే రాసి ఉండేది. మీ సినిమాలో ఆ కాగితం ఒక్కసారి కనిపించాలి. ఎవరూ దాని గురించి మాట్లాడనక్కరలేదు.

మతాల పంపిణీ గురించి అడిగావు. మా స్టూడియోలో సోమవారం గురువుగారు, మంగళవారం పాస్టరుగారు. అదే పచ్చగుడ్డ, అవే లైట్లు. సోమవారం హిమాలయం వేసినచోట మంగళవారం పావురం వేసేవాళ్లం. అకౌంట్ల అమ్మాయి సోమవారం గోవిందా అని ఏడ్చేది, మంగళవారం ఆమెన్ అని ఏడ్చేది. డ్రైవరు మాత్రం రెండు రోజులూ జమ్మికుంటే. తలా ఐదు నిమిషాలు పంచడం ఎందుకు? కుర్రాళ్లు వెళ్లిన రోజు సోమవారం పని ముగుస్తూ, మంగళవారం సామాను దిగుతూ ఉంటే చాలు.

జవాబు: నల్లకోటు (వరంగల్)

నేను కోర్టులో పనిచేస్తాను. ఇది మామూలు సమాచారం, చిత్రం తీసే ముందు మీ వకీలును ఒకసారి కలవండి.

మత భావాలను గాయపరచడం అనగానే అందరూ భయపడతారు. పాత శిక్షాస్మృతిలో 1927లో చేర్చిన 295ఏ, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షను అయింది. మూడేళ్ల వరకు శిక్ష ఉంది. కానీ అందులో ‘ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో’ ఒక వర్గపు మతాన్ని అవమానించాలి. దేవుణ్ణి, పూజను, గ్రంథాన్ని ముట్టుకోకుండా అమ్మకాన్ని వెక్కిరిస్తే మీరు నిలబడే చోటు గట్టిది. గట్టిది అన్నాను, కేసు పెట్టరని అనలేదు. ఫిర్యాదు ఎవరైనా చేయవచ్చు, తిరగవలసింది మీరే.

హాల్లో జనానికి చూపించాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ ధ్రువపత్రం కావాలి. యూట్యూబ్‌లో పెట్టడానికి అక్కరలేదు. కాళోజీ కళాక్షేత్రంలో ఆర్భాటంగా తొలి ప్రదర్శన వేసే ఆలోచన ఉంటే ఇది ముందే చూసుకోండి.

ఇప్పుడు మీకు పనికివచ్చే సరుకు. 1954 నాటి మందులు, మంత్ర చికిత్సల ప్రకటనల చట్టంలో మంత్రం, కవచం, తాయెత్తు అన్న మాటలు పేరుపేరునా ఉన్నాయి. రోగాలు నయం చేస్తాయని వాటికి ప్రకటన ఇవ్వకూడదు. కేబుల్ టీవీ నిబంధనలు 1994లో వచ్చాయి. వాటి ఏడో నిబంధన ప్రకారం, రుజువు చేయడం కష్టమైన అద్భుత, అతీంద్రియ గుణాలు సరుకులో ఉన్నాయనిపించే ప్రకటనలు ఇవ్వకూడదు. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం హనుమాన్ చాలీసా యంత్రం ప్రకటనల కేసులో, ఇలా అద్భుత శక్తులున్నాయంటూ టీవీలో వస్తువులు అమ్మడం చట్టవిరుద్ధమని తేల్చింది. అది 2013 నాటి మహారాష్ట్ర చట్టం కింద ఇచ్చిన తీర్పు, మనకు నేరుగా వర్తించదు. కానీ కేబుల్ నిబంధనలు దేశమంతటికీ ఒక్కటే. అంటే మీ గురువుగారు చేస్తున్నదానికి నిషేధం మూడు దశాబ్దాల నుంచీ ఉంది, తెల్లవారుజామున అరగంటా ఉంది. నాకైతే ఇదే మీ సినిమాలో పెద్ద హాస్యం.

ఇంకొక్కటి. నిజంగా టీవీలో కనిపించే ఏ వ్యక్తి గొంతునూ అనుకరించవద్దు. ధ్వన్యనుకరణకు పేరు తెచ్చిన నేరెళ్ళ వేణుమాధవ్‌గారి ఊరు మనది కనుక కుర్రాళ్లకు చేయి దురద పెడుతుంది. పరువునష్టం కేసులకు అదే రాచబాట.

జవాబు: భద్రకాళి చెరువు కట్ట

బాబూ, నేను తెలుగు పంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మోకాళ్లు సహకరించవు. వేయిస్తంభాల గుడికి పోయి శివుణ్ణి చూసి చాలాకాలమైంది. తెల్లవారగానే భక్తి ఛానల్ పెట్టుకునేది నేను కూడా. తిరుమల దేవస్థానం వారి ఛానల్ 2008 నుంచి ఉంది. స్వామివారి కల్యాణం ఇంట్లో కూర్చుని చూస్తాను. నాకు అది గుడే. మీ సినిమాలో టీవీ ముందు చేతులు జోడించినవాళ్లందరూ అమాయకులన్నట్టు ఒక్క దృశ్యం ఉన్నా నేను చూడను, మా కాలనీలో ఎవరినీ చూడనివ్వను.

సేవ వేరు, మోసం వేరు. 2022 మేడారం జాతరకు పోలేనివాళ్ల బంగారాన్ని ఆర్టీసీ వాళ్లు కార్గోలో చేరవేశారు. బంగారం అంటే బెల్లమే, బయటివాళ్లకు తెలియకపోతే చెబుతున్నాను. రుసుము తీసుకున్నారు, రసీదు ఇచ్చారు, బెల్లం అమ్మవార్ల గద్దెలకు చేరింది. కోరిక తీరుతుందని మాత్రం ఆర్టీసీ హామీ ఇవ్వలేదు. మీ గురువుగారికీ ఆర్టీసీకీ తేడా అక్కడే ఉంది. ఒకరు మోతకూలి తీసుకున్నారు, ఇంకొకరు దేవుడి తరఫున సంతకం పెడుతున్నారు.

నవ్వడం తప్పని నేను అనను. ఓరుగల్లు నవ్వులో పండిన ఊరు. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు ఈ వీధుల్లోనే కదా తిరుగుతూ కనిపించిన ప్రతిదాన్నీ వ్యాఖ్యానించుకుంటూ పోయారు. గుళ్లూ చూశారు, పూటకూళ్ల ఇంట్లో భోజనమూ చేశారు, మైలారదేవుణ్ణి కొలిచే భటుల సాహసాలకు నోరూ వెళ్లబెట్టారు. అందులో భక్తీ వెటకారమూ పక్కపక్కనే నడుస్తాయి, ఒకదాని కాలు ఒకటి తొక్కదు.

మీ కథలో నాకు నచ్చనిది ఒకటే. నాయనమ్మ డబ్బు పంపింది, తరువాత కథంతా మనవడిదే. ఆమె ఏమైనట్టు? మిర్చి రేటు పడిపోయిన సంవత్సరం ఆమె భయం ఎవరితో చెప్పుకుంది? మనవడు నాయనమ్మకు ఎప్పుడు ఫోన్ చేశాడు? ఆ నంబరులో అమ్మాయి మాత్రం ‘అమ్మా, ఏం కష్టం?’ అని అడిగింది. కాజీపేట ఎడిటర్‌గారు చెప్పిన కాగితం చదివాక నాకు ఇదే తట్టింది. కూర్చోబెట్టి కష్టం అడిగినందుకు ఆమె ఆ డబ్బు ఇచ్చి ఉంటుంది.

హైదరాబాద్‌కు ఆమెనే పంపండి. కుర్రాళ్లు తోడు పోనీ. ఎనుమాముల యార్డులో అడ్తిదారుతో ఏళ్ల తరబడి గొడవపడిన మనిషి ఆమె. కాంటా మీద కన్ను వేసి, తరుగు ఎంత తీస్తావని నిలదీసిన నోరు అది. కెమెరా ముందు కూర్చోబెట్టి ‘అమ్మా, యంత్రం వల్ల మీకు కలిగిన లాభం చెప్పండి’ అని అడిగితే ఏం చెబుతుంది? రాగిరేకు తూకం అడుగుతుంది. కిలో రాగి ఎంతో అడుగుతుంది. ‘బస్తాకు వాళ్లు తరుగు తీస్తారు, మరి నీ లక్ష్మీకటాక్షానికి తరుగు ఎంత?’ అంటుంది. గురువుగారు జవాబు వెతుక్కుంటాడు. అప్పుడు జనం నాయనమ్మతో కలిసి నవ్వుతారు.

ఎర్రమిర్చి (హనుమకొండ)

పంతులమ్మగారూ, మీ జవాబు నిన్న రాత్రి బృందం అంతటికీ చదివి వినిపించాను. మనవడి పాత్ర వేయాల్సిన మిత్రుడు అలిగాడు. తనకిప్పుడు సంచి మోసే పని తప్ప ఏమీ మిగలలేదని. మిగిలినవాళ్లం మాత్రం కూర్చున్నచోటే రెండో సగం రాసేశాం.

ఇప్పుడు కథ ఇలా ఉంది. నాయనమ్మ తరుగు అడుగుతుంది. గురువుగారు ‘నమ్మకానికి తూకం ఉండదమ్మా’ అంటాడు. ఆమె ‘మరి నా మిర్చికి ఉంటుంది కదా’ అంటుంది. ఇది రికార్డింగే కదా, తరువాత కత్తిరించుకోవచ్చని స్టూడియోలో అందరూ ధైర్యంగా ఉంటారు. కానీ ఆ రోజు ఎడిటర్ రాలేదు. స్లాట్ వేళ దాటిపోతుందన్న కంగారులో ఎవరో కత్తిరించకుండానే పంపేస్తారు. మొదటిసారి ఆ కార్యక్రమంలో జరిగినది జరిగినట్టు ప్రసారమవుతుంది. పైన ‘లైవ్’ ముద్ర ఎలాగూ ఉంది. ఆ రాత్రి ఫోన్లు నిజంగానే వస్తాయి, మొదటిది నిజంగానే జమ్మికుంట నుంచి. పార్సిల్ వెనక్కి తీసుకుంటారా అని.

డబ్బు మొత్తం తిరిగి వస్తుందా అన్నదాని మీద ఇంకా పోట్లాడుకుంటున్నాం. తరుగు పోగా వస్తుందని నా పక్షం. వకీలుగారు చెప్పిన ఏడో నిబంధనను గోడ మీద చట్రం కట్టి వేలాడదీస్తాం, దాని కిందే గురువుగారి ఆసనం. ‘ఏడిస్తే’ కాగితానికి ఐదు సెకన్లు కేటాయించాం, మాటలు లేవు. నాయనమ్మ వేషానికి మా కామర్స్ విభాగం ఆయా ఒప్పుకుంది. ఆమె నిజంగానే మిర్చి రైతు. మేం రాసిన మాటలు విని ‘ఇట్లా ఎవరూ బేరం చేయరు’ అని సగం కొట్టేసింది.

ఎడిటర్‌గారూ, మీకొక్క ప్రశ్న. ఆకుపచ్చ గుడ్డ దృశ్యం తీయకుండా ఉండలేం. కానీ మా దగ్గర మంచి కెమెరా ఒక్కటే ఉంది, లైట్లు పెళ్లిళ్లకు వాడేవి. నాయనమ్మకు ఏ రంగు చీర కట్టించాలి?

పాత ఎడిటర్ (కాజీపేట)

ఆకుపచ్చ చీరే కట్టించు, ఇందులో ఆలోచించడానికి ఏముంది! తలా చేతులూ మాత్రమే కైలాసం మీద తేలుతూ రాగి ధర అడుగుతాయి. యాంకరమ్మ బెదరకుండా చిరునవ్వుతోనే ఉండాలి, ఎందుకంటే స్టూడియోలో ఆమెకు చీర మామూలుగానే కనిపిస్తుంది. తెర చూసేవాళ్లకే ఈ వింత. ఈ సంగతి నీ నటులకు ముందే చెప్పు, లేకపోతే వాళ్లూ ఆశ్చర్యపోయి పాడుచేస్తారు.

గుడ్డకు మనిషి ఆనుకుని కూర్చోకూడదు. ఆరేడు అడుగులు ముందుకు జరిపితే పచ్చని నీడ ముఖం మీద పడదు. గుడ్డ మీదికి విడిగా రెండు లైట్లు, రెండు పక్కల నుంచీ సమానంగా. ముడతలు ఉంటే ఇస్త్రీ చేయాలి, ముడత పడ్డచోట హిమాలయం చిరుగుతుంది. జరీ అంచు చీర వద్దు. జరీ మెరిసి అంచు మాత్రం గాలిలో మిగిలిపోతుంది. ఆలోచిస్తే అదీ బాగానే ఉంటుంది, నీ ఇష్టం.

చిత్రీకరణ సమయంలో ఎవరూ ఎడిటింగ్‌లో సరిచేద్దాంలే అనకూడదు. ఆ మాట అన్నవాళ్ల దగ్గరే నా సగం ఆయుష్షు పోయింది.

గుడ్డ కొనవద్దు. నా దగ్గర పన్నెండు అడుగులది ఉంది. కాజీపేట వచ్చి తీసుకుపో, ఉతికి తిరిగి ఇవ్వాలి. ఆ రోజు రాని ఎడిటర్ పాత్ర ఎవరికీ ఇవ్వకపోతే చెప్పు, కనిపించనక్కరలేదు కనుక నేనే వేస్తాను.